ఇంగ్లాండులో ఒక ఉచ్చారణ ప్రమాణంగా ఎలా నిలబడింది? ఆ గౌరవం ధ్వనులదా, వాటిని పలికిన మనుషులదా?

పెన్నాతీరం (చర్చ ప్రారంభం)

సభ్యులకు నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు బోధిస్తాను. మా పాఠ్యప్రణాళికలో ధ్వనిశాస్త్రానికి కేటాయించిన భాగంలో 20 అచ్చులు, 24 హల్లులతో ఒక పట్టిక ఉంటుంది. అది ‘రిసీవ్డ్ ప్రొనన్సియేషన్’ అనే ఉచ్చారణకు సంబంధించినదని ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే అభ్యాసాల్లోకి వెళ్ళిపోతాము. అది ఎవరి నోటి నుంచి వచ్చిన ఉచ్చారణో, ఇంగ్లాండులో ఎంతమంది అలా మాట్లాడతారో, ఊరూరికీ యాస మారే ఆ దేశంలో అదొక్కటే ప్రమాణం ఎందుకు అయిందో పాఠ్యపుస్తకం చెప్పదు. దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. విద్యార్థి ఆ పట్టికను ప్రకృతి నియమంలాగా స్వీకరిస్తాడు. తన నోట పలికే ప్రతి ధ్వనినీ దానితో పోల్చుకుని, తేడా కనిపించిన ప్రతిచోటా లోపం తనదేనని నిర్ణయించుకుంటాడు.

ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్ 1917లో తన ఉచ్చారణ నిఘంటువును ప్రచురించినప్పుడు, తాను నమోదు చేస్తున్నది ఎవరి మాటో దాచలేదు. మగవారు పెద్ద ఆవాస ‘పబ్లిక్ స్కూళ్ళ’లో చదువుకున్న దక్షిణ ఇంగ్లాండు కుటుంబాలలో నిత్యం వినిపించే మాట అని నిర్వచించి, దానికి ‘పబ్లిక్ స్కూల్ ప్రొనన్సియేషన్’ అనే పేరు పెట్టారు. అక్కడ పబ్లిక్ స్కూలు అంటే ప్రభుత్వ బడి కాదు, పెద్ద మొత్తంలో రుసుము తీసుకునే ప్రైవేటు విద్యాలయం. ఇప్పుడు మనం వాడుతున్న పేరు ఆ నిఘంటువులోకి 1926 ముద్రణతో వచ్చింది. పేరులో నుంచి బడి తొలగిపోయింది గాని, ఆ బడికి పిల్లలను పంపగలిగిన వర్గం ఆ ఉచ్చారణలో అలాగే ఉండిపోయింది. బ్రిటన్ జనాభాలో ఈ విధంగా మాట్లాడేవారు సుమారు 3 శాతం ఉంటారని భాషాశాస్త్రవేత్త పీటర్ ట్రడ్గిల్ 1970లలో అంచనా వేశారు.

ఈ గౌరవం ధ్వనులకు స్వతహాగా ఉన్నది కాదనీ, పలికినవారి హోదా నుంచి వాటికి అబ్బినదనీ నా అభిప్రాయం. దీనికి చరిత్ర ఎంతవరకు మద్దతు ఇస్తుందో, కాదనడానికి ఏమి ఉందో సభ్యులు వివరంగా వ్రాయాలని కోరుతున్నాను.

పాత_నిఘంటువు

పెన్నాతీరం గారూ, మీ అభిప్రాయానికి చాలా పాత సాక్ష్యం ఒకటి 1589 నాటిది. జార్జ్ పటెన్‌హామ్ తన కావ్యశాస్త్ర గ్రంథంలో కవులు ఎవరి భాషను అనుసరించాలో చెబుతూ, రాజాస్థానంలోనూ, లండనులోనూ, లండను చుట్టూ 60 మైళ్ళలోపు జిల్లాలలోనూ వాడే మాటను సిఫారసు చేశాడు. ట్రెంట్ నదికి అవతల ఉత్తరాన మాట్లాడేదే ఎక్కువ స్వచ్ఛమైన పాత ఇంగ్లీషు అని ఎవరూ కాదనలేరని అదే చోట ఒప్పుకున్నాడు. అయినా అది దక్షిణాది మాట అంతటి ఆస్థాన మర్యాద గలది కాదని ప్రక్కన పెట్టాడు. స్వచ్ఛత ఒకచోట, గౌరవం మరొకచోట ఉన్నాయని ఇంత స్పష్టంగా చెప్పిన వాక్యం ఆ తరువాతి కాలంలో నాకు అరుదుగా కనిపించింది.

అయితే పటెన్‌హామ్ కాలం నుంచి ఒకే ఉచ్చారణ తిన్నగా మన పాఠ్యపుస్తకం దాకా వచ్చిందని అనుకోకూడదు. 18వ శతాబ్దం మధ్య వరకు చదువుకున్న పెద్దమనుషులు తమ ప్రాంతపు ఉచ్చారణతోనే నిస్సంకోచంగా మాట్లాడారు. 1755లో మహా నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్ మాటలో ఆయన పుట్టిన లిచ్‌ఫీల్డ్ ప్రాంతపు యాస చివరి వరకు వినిపించేది. ఉచ్చారణను నిర్ణయించడం ఎంత కష్టమో ఆయన 1772లో ఒక ఉదాహరణతో చెప్పినట్లు ఆయన జీవితచరిత్రకారుడు బాస్వెల్ వ్రాశాడు. ‘గ్రేట్’ అనే మాటను ‘స్టేట్’తో ప్రాసగా పలకాలని చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు అన్నాడట, ‘సీట్’తో ప్రాసగా పలకాలనీ, ‘గ్రేట్’ అని ఐరిష్‌వాడు తప్ప ఎవరూ పలకరనీ సర్ విలియం యంగ్ కబురు పంపించాడట. ఒకరు ప్రభువుల సభలో, మరొకరు సామాన్యుల సభలో మేటి వక్తలని పేరున్నవారు. ఇద్దరికీ పొత్తు కుదరలేదు. ఇప్పుడు ప్రపంచమంతా పలికేది, ఆనాడు ఐరిష్ యాస అని తోసివేసిన పలుకే.

మార్పు తెచ్చినవారు వక్తృత్వ గురువులు. వారిలో ప్రసిద్ధుడైన థామస్ షెరిడన్ ఐర్లండుకు చెందిన నటుడు. 1761లో ఎడిన్‌బరోలో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలకు స్కాట్లండు పెద్దమనుషులు డబ్బు చెల్లించి వెళ్ళారు. ఇంగ్లాండుతో రాజ్యం ఏకమైన తరువాత పదవులన్నీ లండనులో ఉన్నాయి కనుక, లండను పెద్దల మాట నేర్చుకోవడం వారికి బ్రతుకుతెరువుకు సంబంధించిన విషయం. షెరిడన్ నిఘంటువు 1780లోనూ, జాన్ వాకర్ నిఘంటువు 1791లోనూ వచ్చాయి. వాకర్ తన గ్రంథంలో స్కాట్లండు, ఐర్లండు వాసులకు మాత్రమే కాక లండను సామాన్యులకు కూడా దిద్దుబాటు నియమాలు వ్రాశాడు. అంటే ప్రమాణం లండను అనే ఊరిది కూడా కాదు; ఆ ఊళ్ళోని ఒక పొరది.

లీడ్స్_శారద

నేను ఉత్తర ఇంగ్లాండులో చాలాకాలంగా ఉంటూ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పాత_నిఘంటువు గారు చెప్పిన ఉత్తర, దక్షిణ భేదం ఇక్కడ ఇప్పటికీ ప్రతి వాక్యంలోనూ వినిపిస్తుంది. దక్షిణాదివారు ‘బాత్’, ‘గ్రాస్’, ‘లాఫ్’ అని దీర్ఘంగా పలికే మాటలను మా రోగులు హ్రస్వమైన అకారంతో పలుకుతారు. ‘కప్’, ‘బస్’ వంటి మాటలలోని అచ్చు వారి నోట ‘పుట్’లోని ఉకారానికి దగ్గరగా ఉంటుంది. ఇక్కడికి కొత్తగా వచ్చిన మన వైద్యులు దీనిని విని, వీరికి ఇంగ్లీషు సరిగా రాదని తమలో తాము అనుకోవడం నేను విన్నాను. ‘కప్’లోని అచ్చు వేరుపడటం 17వ శతాబ్దంలో దక్షిణాదిలో వచ్చిన మార్పు. ఉత్తరాదివారు అంతకుముందున్న పలుకును నిలబెట్టుకున్నారు. తమ తాతముత్తాతల పలుకును కాపాడుకున్నవారిని, దూరదేశం నుంచి వచ్చిన మనం ఒక పాఠ్యపుస్తకపు పట్టికతో కొలిచి తక్కువ చేయడం నాకు బాధ కలిగిస్తుంది.

పాత_నిఘంటువు గారిని ఒక ప్రశ్న అడుగుతాను. ‘బాత్’లోని ఆ దీర్ఘ ఆకారం ఎప్పటి నుంచి పెద్దింటి గుర్తు అయింది?

పాత_నిఘంటువు

శారద గారూ, మీ ప్రశ్నలోనే ఈ చర్చకు కావలసిన ప్రధాన సాక్ష్యం ఉంది. వాకర్ 1791లో ఆ దీర్ఘ ఆకారాన్ని ఖండించాడు. ‘ఆఫ్టర్’, ‘ఆన్సర్’, ‘బాస్కెట్’, ‘ప్లాంట్’ వంటి మాటలను ‘హాఫ్’లోని అచ్చంత దీర్ఘంగా పలకడం మోటుతనానికి చాలా దగ్గరగా ఉంటుందని ఆయన తీర్పు. అంటే 18వ శతాబ్దం చివరన ఆ దీర్ఘాచ్చు లండను సామాన్యుల పలుకు. 19వ శతాబ్దం గడిచేలోగా అదే పలుకు పెద్ద కుటుంబాలలో స్థిరపడింది. ఇప్పుడు దానిని విన్న ఉత్తరాది మనిషి పలికినవాడిని దొరబిడ్డ అనుకుంటాడు. ధ్వని మారలేదు, దానిని పలికేవారు మారారు.

రేఫం (‘ర’ ధ్వని) సంగతి కూడా ఇలాంటిదే. ‘కార్డ్’, ‘ఫాదర్’ వంటి మాటలలో అచ్చు తరువాత వచ్చే రేఫం లండనులో బలహీనపడి దాదాపు అచ్చులో కలిసిపోతున్నదని వాకర్ గమనించాడు. రేఫం పలకని ఆ పద్ధతిని అనుసరించి ‘థార్న్స్’ వంటి మాటకు ‘ఫాన్స్’ వంటి మాటను ప్రాసగా కూర్చిన కవి కీట్సును, 1817 తరువాత ఎడిన్‌బరో పత్రిక ఒకటి కాక్నీ కవిగా హేళన చేసింది. కాక్నీ అంటే లండను తూర్పు పేటల సామాన్యుల మాట. మరి కొన్ని తరాలు గడిచాక రేఫం లేకపోవడమే ప్రమాణ ఉచ్చారణకు మొదటి లక్షణంగా పుస్తకాలకెక్కింది.

ధ్వనిపథం

భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థిని. రేఫం కథకు అమెరికా వైపున ఉన్న రెండవ సగాన్ని కలుపుతాను. న్యూయార్కులో కూడా పెద్దలు లండనును అనుసరించి రేఫాన్ని వదిలేవారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ గాలి తిరిగింది. రేఫాన్ని స్పష్టంగా పలకడమే గౌరవమైంది. భాషాశాస్త్రవేత్త విలియం లాబోవ్ 1962లో న్యూయార్కులోని మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లకు వెళ్ళాడు. ఒకటి ధనికులది, రెండవది మధ్యతరగతిది, మూడవది చౌక సరుకులది. నాలుగవ అంతస్తులో దొరికే వస్తువు ఏదో ముందే తెలుసుకుని, అది ఎక్కడ ఉందని అమ్మకందారులను అడిగి, ‘ఫోర్త్ ఫ్లోర్’ అనే జవాబులో రేఫం వినిపిస్తున్నదా లేదా అని రహస్యంగా నమోదు చేసుకున్నాడు. ధనికుల దుకాణంలో రేఫం ఎక్కువగా వినిపించింది. చౌక దుకాణంలో తక్కువగా వినిపించింది. అదే సమయంలో అట్లాంటిక్‌కు ఇవతలి ఒడ్డున, లండనులో, రేఫం లేకపోవడం ఉన్నత వర్గపు గుర్తు. ఒకే ధ్వనికి రెండు నగరాలలో రెండు విరుద్ధమైన విలువలు ఏకకాలంలో ఉన్నాయంటే, విలువ ధ్వనిలో ఉందని వాదించడానికి చోటు మిగలదు.

ఇంగ్లాండు లోపలి ఉదాహరణ ఇంకొకటి ఉంది. ‘హంటింగ్’, ‘షూటింగ్’ వంటి మాటల చివరి ధ్వనిని ‘హంటిన్’, ‘షూటిన్’ అని పలకడం కూలివారిలోనూ, వేటకు వెళ్ళే పాతకాలపు ప్రభువులలోనూ సమానంగా ఉండేది. వ్రాతకు తగినట్లు ఆ ధ్వనిని జాగ్రత్తగా పలికినది మధ్యతరగతివారు. ప్రభువు పలికితే అది కులీనత, కూలివాడు పలికితే అది చదువులేనితనం.

మధ్యేమార్గం

ఇంతవరకు వ్రాసినవారంతా ఒకే వైపున ఉన్నారు కనుక, రెండవ వైపు వాదాన్ని గౌరవంగా వినిపించాలనుకుంటున్నాను. ధ్వనికి స్వతహాగా గొప్పతనం లేదన్న మాట నిజమే. రూపాయి నోటు కాగితానికి కూడా స్వతహాగా విలువ లేదు. అందరూ ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది, చెల్లడం వల్ల అందరికీ మేలు జరుగుతుంది. స్కాట్లండు ఉత్తరపు కొనకూ కార్న్‌వాల్‌కూ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. పరిపాలనకు, న్యాయస్థానాలకు, రంగస్థలానికి, విదేశీయులకు బోధించడానికి, అందరూ తేలికగా అర్థం చేసుకోగల ఒక ఉచ్చారణ ఉండటం అవసరం. ధ్వనిశాస్త్రవేత్త ఎలెగ్జాండర్ ఎల్లిస్ 1869లో ఆస్థానం, మతపీఠం, న్యాయస్థానాలలోని చదువుకున్నవారి ఉచ్చారణను ప్రస్తావించినప్పుడు, అది దేశమంతటా పెద్ద తేడాలు లేకుండా వినిపిస్తున్నదనీ, అందులో కూడా కొంత వైవిధ్యానికి చోటు ఉందనీ అన్నాడు. డేనియల్ జోన్స్ కూడా ఈ ఉచ్చారణ మిగతావాటికంటే ఉత్తమమని వాదించలేదు. తాను సంస్కర్తను కాననీ, వినిపించినదానిని నమోదు చేస్తున్నాననీ అన్నాడు.

ఇంకొక సంగతి. పుట్టుక మారదు, ఉచ్చారణ మారుతుంది. లింకన్‌షైర్‌లోని గ్రాంథమ్‌లో కిరాణా వ్యాపారి కూతురిగా పుట్టిన మార్గరెట్ థాచర్ శిక్షణతో తన మాటను మార్చుకుని ప్రధాని పదవిని అందుకున్నారు. నేర్చుకోగలిగినది ఏదైనా, కొంతమందికైనా, పైకి ఎక్కడానికి మెట్టుగా ఉపయోగపడింది. దానిని కేవలం అణచివేతగా చూడటం సరి కాదని నా మనవి.

పెన్నాతీరం

మధ్యేమార్గం గారు ఈ వాదాన్ని బలంగా నిలబెట్టినందుకు కృతజ్ఞుడను. అయితే థాచర్ ఉదాహరణ రెండు వైపులా పదునున్నది. 1983లో పార్లమెంటులో ఆవేశంగా మాట్లాడుతూ ప్రత్యర్థిని పిరికివాడని ఎత్తిపొడిచినప్పుడు ఆమె నోట ‘ఫ్రిట్’ అనే లింకన్‌షైర్ మాట దొర్లింది. పత్రికలు దానినే పట్టుకుని వ్రాశాయి. ఒక మనిషి దేశప్రధాని అయిన తరువాత కూడా, ఆమె పుట్టిన ఊరి మాట వినిపించడమే వార్త అయిందంటే ఆ మెట్టు ఎక్కడానికి ఎంత చెల్లించవలసి వచ్చిందో ఆలోచించాలి. మగ ప్రధాని రాబర్ట్ పీల్‌కు ఆ అవసరం కలగలేదు. ఆయన హారో పబ్లిక్ స్కూలులో చదువుకున్నా లాంకషైర్ పలుకుబడి ఆయన మాటలో మిగిలింది. మరో ప్రధాని గ్లాడ్‌స్టన్ ఈటన్ పబ్లిక్ స్కూలులో చదువుకున్నా పుట్టిన లివర్‌పూల్ ప్రాంతపు జాడ పోలేదు. 19వ శతాబ్దం మొదటి సగంలో చదువుకున్నవారికి ఉన్న ఈ స్వేచ్ఛ ఆ తరువాతి తరాలకు ఎందుకు లేకుండా పోయిందన్నదే మనం తేల్చవలసిన ప్రశ్న.

పాత_నిఘంటువు

ఆ ప్రశ్నకు జవాబు బడిలో ఉంది. రైలుమార్గాలు వచ్చాక దేశం నలుమూలల ఉన్న ధనిక కుటుంబాలు పిల్లలను దూరపు ఆవాస పాఠశాలలకు పంపడం తేలికైంది. మిల్లు యజమాని కొడుకు, మతగురువు కొడుకు, భూస్వామి కొడుకు ఎనిమిదేళ్ళ వయస్సులో సన్నాహక పాఠశాలలోనూ, పదమూడేళ్ళకు పబ్లిక్ స్కూలులోనూ చేరి, యౌవనం వచ్చేదాకా సంవత్సరంలో ఎక్కువ కాలం ఒకరితో ఒకరే గడిపారు. ఇంటి ఊరి యాసతో వచ్చిన పిల్లవాడిని తోటివారు ఎగతాళి చేసేవారు. ఉపాధ్యాయుడి దిద్దుబాటు కంటే ఆ ఎగతాళి వేగంగా పనిచేసింది. అందువల్లనే ఈ ఉచ్చారణకు ప్రాంతం లేదు. దానిని మాట్లాడేవాడు యార్క్‌షైర్‌వాడా, డెవన్‌వాడా అని చెప్పలేము, ఏ వర్గంవాడో మాత్రం వెంటనే చెప్పగలము. ప్రపంచంలోని ప్రమాణ ఉచ్చారణలలో ఈ లక్షణం చాలా అరుదు.

1861లో ప్రభుత్వం క్లారెండన్ కమిషన్‌ను నియమించి తొమ్మిది ప్రసిద్ధ పాఠశాలలను పరిశీలించింది; 1868లో వాటిలో ఏడింటికి చట్టం వచ్చింది. 1855 నుంచి భారతదేశపు సివిల్ సర్వీసుకు పోటీ పరీక్షలు మొదలయ్యాయి. సైన్యాధికారులు, జిల్లా కలెక్టర్లు, బిషప్పులు, న్యాయమూర్తులు అందరూ ఒకే తరహా బడుల నుంచి వస్తున్నప్పుడు, వారి ఉచ్చారణ అధికారపు గొంతుగా మారింది. 1870 విద్యాచట్టంతో సామాన్యుల పిల్లలకు బడులు తెరిచాక, ఆ గొంతునే ఆదర్శంగా చూపి యాసలను దిద్దడం మొదలైంది.

దీనితో పాటు హకార భయం గురించి ఒక మాట చెప్పాలి. ‘హౌస్’ను ‘ఔస్’ అని పలకడం 19వ శతాబ్దంలో చదువులేనితనానికి తిరుగులేని గుర్తు అయింది. ఈ ఒక్క ధ్వనిని ఎలా పలకాలో చెప్పే చిన్న పుస్తకాలు 1850ల నుంచి అచ్చువేసి అమ్మారు. అంతకుముందు ‘హంబుల్’, ‘హాస్పిటల్’ వంటి మాటలను చదువుకున్నవారు కూడా హకారం లేకుండానే పలికేవారు. మధ్యతరగతి తనకంటే క్రిందివారి నుంచి వేరుపడాలని పడిన ఆందోళన ఈ ఒక్క ధ్వని చరిత్రలో పూర్తిగా కనిపిస్తుంది.

రేడియో_శ్రోత

బీబీసీ పాత్ర గురించి నాకు తెలిసినది వ్రాస్తాను. బీబీసీ 1922లో ఏర్పడింది. దానిని తీర్చిదిద్దిన జాన్ రీత్ స్వయంగా స్కాట్లండు మనిషి. 1926లో ఆయన మాట్లాడే ఇంగ్లీషుపై ఒక సలహా సంఘాన్ని నియమించారు. ఆస్థానకవి రాబర్ట్ బ్రిడ్జెస్ అధ్యక్షుడు; డేనియల్ జోన్స్, బెర్నార్డ్ షా సభ్యులు; లాయిడ్ జేమ్స్ కార్యదర్శి. బ్రిడ్జెస్ మరణించాక 1930లో షా అధ్యక్షుడయ్యారు. ఈ సంఘమే దేశం మీద ఒక ఉచ్చారణను రుద్దిందని తరచుగా అంటారు గాని, అది ఎక్కువగా తేల్చినది విడి మాటల సంగతి, అంటే రెండు విధాలుగా పలికే మాటను వార్తలు చదివేవారు ఏ విధంగా పలకాలన్నది. అసలు ప్రభావం ఉద్యోగ నియామకాలది. వార్తలు చదివేవారంతా ఒకే తరహా బడుల నుంచి వచ్చినవారు కనుక, రేడియో ఉన్న ప్రతి ఇంటిలోనూ ఆ ఒక్క ఉచ్చారణే విశ్వసనీయతకు పర్యాయపదంగా వినిపించింది. అంతకుముందు ఒక కౌలురైతు జీవితాంతం ఆ ఉచ్చారణను పదిసార్లయినా విని ఉండకపోవచ్చు. 1930లలో రోజూ విన్నాడు.

యుద్ధకాలంలో ఒక ప్రయోగం జరిగింది. 1941లో యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్‌కు చెందిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత జాతీయ వార్తలు చదివించారు. ఆయన తన హ్రస్వ అకారాలతో వార్తలు చదివి, చివరన ఉత్తరాదివారికి వారి యాసలోనే శుభరాత్రి చెప్పారు. ఆ గొంతులో వార్తలు వింటే నమ్మకం కలగడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఫిర్యాదు చేసినవారిలో ఉత్తరాదివారు కూడా ఉన్నారన్న విషయమే నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. తమ యాసను తామే వార్తలకు తగనిదిగా భావించే స్థితికి రెండు దశాబ్దాల రేడియో చాలింది.

ధ్వనిపథం

రేడియో_శ్రోత గారు చెప్పినదాన్ని తరువాత ప్రయోగాలతో కొలిచారు. పరిశోధకుడు హోవార్డ్ జైల్స్ 1970ల ప్రాంతంలో వేల్స్, సోమర్‌సెట్ విద్యార్థులకు ఒకే వ్యక్తి వేర్వేరు యాసలలో మాట్లాడిన ధ్వనిముద్రణలను, వక్త ఒకడేనని చెప్పకుండా, వినిపించాడు. ప్రమాణ ఉచ్చారణ అందరికంటే పైన నిలిచింది. బర్మింగ్‌హామ్, కాక్నీ, భారతీయ ఉచ్చారణలు అడుగున నిలిచాయి. తెలివి, సామర్థ్యం విషయంలో ప్రమాణ ఉచ్చారణకు ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆత్మీయత, నిజాయతీ విషయంలో ప్రాంతీయ యాసలకు వచ్చాయి. మరణశిక్షపై ఒకే వాదనను వేర్వేరు యాసలలో వినిపించిన ప్రయోగం మరీ ఆలోచింపజేస్తుంది. వాదన నాణ్యమైనదని శ్రోతలు మెచ్చుకున్నది ప్రమాణ ఉచ్చారణలో విన్నప్పుడు. వారి అభిప్రాయం నిజంగా కదిలింది మాత్రం ప్రాంతీయ యాసలో విన్నప్పుడు.

నార్విచ్‌లో ట్రడ్గిల్ చేసిన పరిశోధనలో, తాము పలికేదానికంటే ప్రమాణానికి దగ్గరగా పలుకుతామని స్త్రీలు ఎక్కువగా చెప్పుకున్నారు. పురుషులలో చాలామంది తమ మాట ఉన్నదానికంటే మోటుగా ఉంటుందని చెప్పుకున్నారు. యాసకు కూడా తన వారిలో ఒక రహస్య గౌరవం ఉంటుందని దీనివల్ల తెలిసింది.

పాలమూరు_పాఠకుడు

ఈ మాటలు చదువుతుంటే మన సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను; క్లుప్తంగా చెప్పి ప్రధాన చర్చకు వదిలేస్తాను. పత్రికలు, ఆకాశవాణి వాడిన ఆధునిక ప్రమాణ తెలుగు చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల చదువుకున్నవారి మాట మీద నిలబడింది. తెలంగాణ మాట సినిమాలలో చిరకాలం హాస్యగాడికో, ప్రతినాయకుడి అనుచరుడికో మిగిలింది. పికిల్స్ మీద ఫిర్యాదు చేసిన ఉత్తరాది శ్రోత నాకు పరాయివాడు కాదు. అయితే ఒక తేడా ఉంది. మన ప్రమాణానికి ఒక ప్రాంతం ఉంది. ఇంగ్లాండు ప్రమాణానికి పాత_నిఘంటువు గారు చెప్పినట్లు ప్రాంతం లేదు, వర్గం మాత్రమే ఉంది. అందుచేత రెండింటినీ ఒకే గాటన కట్టలేము.

మాటల_మూట

మన భాషతో ఈ విషయానికి ఇంకా దగ్గరి సంబంధం ఉంది. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలను చూడండి. క్లాసు, పాసు, గ్లాసు, మాస్టారు, బ్రాంచి, ప్లాంటు అన్నింటిలోనూ మనం శుద్ధమైన ఆకారం పలుకుతాము. బ్యాంకు, ట్యాంకు, బ్యాగు, క్యాంపు, ప్యాంటు అన్నప్పుడు యకారంతో పలుకుతాము. ప్లాంటు, ప్యాంటు అనే జంటను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, వాకర్ మోటు అన్న దీర్ఘ ఆకారం దక్షిణ ఇంగ్లాండులో ఏయే మాటలలో స్థిరపడిందో, ఆ విభజన మన పల్లెటూరి నోటిలో కూడా భద్రంగా ఉన్నట్లు కనిపిస్తుంది. అమెరికావారు, ఉత్తర ఇంగ్లాండువారు ఈ విభజన పాటించరు. అంటే మనకు ఈ మాటలు అందించిన గొంతులలో ఎక్కువ భాగం దక్షిణ ఇంగ్లాండు తరహావి. అయితే కార్డు, పార్కు, డాక్టరు అన్నప్పుడు రేఫాన్ని మాత్రం మనం వదలలేదు. అక్కడ అక్షరాన్ని చూసి పలికాము. రేఫం విషయంలో మనం లండనుకంటే స్కాట్లండుకు దగ్గర.

పాత_నిఘంటువు

చక్కని గమనిక. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పాత ముద్రణలలో ‘బాంకు’ అని కూడా వ్రాసేవారు కనుక వ్రాతను మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు. నోటి పలుకునే చూడాలి. ‘చెప్పాడు’, ‘వెళ్ళారు’ వంటి క్రియలలో మనం వ్రాసేది ఆకారమే అయినా, చాలామంది పలికేది ‘బ్యాంకు’లోని అచ్చును పోలిన ధ్వని. ఆ ధ్వని మనకు ముందే ఉంది కాబట్టే ఇంగ్లీషులోని ఈ భేదాన్ని మన చెవి పట్టుకోగలిగింది.

మధ్యేమార్గం

ఇక్కడ నా వాదంలోని ముఖ్యమైన భాగానికి జవాబు రాలేదని గుర్తుచేస్తున్నాను. గౌరవం వర్గం నుంచి వచ్చిందని ఒప్పుకుంటాను. అయినా తరగతిలో విద్యార్థికి ఏదో ఒక నమూనా చూపాలి కదా. ఏ నమూనా లేకుండా ఎవరికి తోచినట్లు వారు పలికితే, పెన్నాతీరం గారి విద్యార్థి మాట లీడ్స్‌లోని రోగికి అర్థమవుతుందా?

లీడ్స్_శారద

మా ఆసుపత్రి అనుభవంతో దీనికి నేను జవాబు చెప్పగలను. మన వైద్యుల మాట రోగికి అర్థం కాకపోవడానికి కారణం దీర్ఘ ఆకారం లేకపోవడం కాదు, నాలుకను వెనక్కి మడిచి మన ‘ట’, ‘డ’ పలకడం కూడా సాధారణంగా కాదు. మాటలో ఏ అక్షరం మీద ఊనిక పెట్టాలో తెలియకపోవడం, మొత్తం వాక్యాన్ని ఒకే వేగంతో విరామం లేకుండా చెప్పడం అసలు ఇబ్బందులు. హైదరాబాదులోని కేంద్రీయ ఆంగ్ల సంస్థలో పనిచేసిన ఆర్.కె. బన్సల్ 1960లలోనే దీనిని పరిశోధించారు. భారతీయుల ఇంగ్లీషు బ్రిటిష్ శ్రోతలకు సగటున 70 శాతం వరకు అర్థమైందనీ, అర్థం కానిచోట్ల ఊనిక తప్పడం ప్రధాన కారణాలలో ఒకటనీ ఆయన చూపారు. ఇప్పటి ఐఎల్టీఎస్ పరీక్షలో కూడా పరీక్షకులు చూసేది మాట సులభంగా అర్థమవుతున్నదా అన్నదే; బ్రిటిష్ యాసకు ప్రత్యేకంగా మార్కులు ఉండవు. కొంతమంది శిక్షకులు ఈ భయాన్ని చూపి రుసుములు వసూలు చేస్తున్నారు కనుక ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది.

వినేవారి బాధ్యత గురించి కూడా ఒక మాట. మా వార్డులో గ్లాస్గో నుంచి వచ్చిన నర్సు మాట నాకు మొదట సగం అర్థమయ్యేది కాదు. కొంతకాలం చెవి అలవాటు పడ్డాక ఇబ్బంది లేదు. స్కాట్లండు మనిషి మాటకు చెవిని అలవాటు చేసుకునే శ్రోత, భారతీయుడి మాటకు కూడా ఆ మాత్రం శ్రమ తీసుకోవాలని ఆశించడం అన్యాయం కాదు.

రేడియో_శ్రోత

మదనపల్లెలో 1895లో తెలుగు కుటుంబంలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1911లో అనీబిసెంట్ ఇంగ్లాండుకు తీసుకువెళ్ళారు. ఆయన ప్రసంగాల ధ్వనిముద్రణలు వింటే ఆ కాలపు ఉన్నత వర్గపు ఉచ్చారణ చాలావరకు వినిపిస్తుంది. 1936 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రసంగాలలో దక్షిణ భారతపు పలుకు స్పష్టంగా ఉంటుంది. ఇద్దరినీ పాశ్చాత్య శ్రోతలు శ్రద్ధగా విన్నారు. విద్యార్థులకు ఈ రెండు గొంతులనూ వినిపిస్తే, పట్టిక చెప్పలేనిది అర్థమవుతుందని నా సూచన.

ధ్వనిపథం

ఆ ప్రమాణం కూడా ఇప్పుడు నిలకడగా లేదు. జోనథన్ హారింగ్‌టన్, ఆయన సహచరులు రెండవ ఎలిజబెత్ రాణి క్రిస్మస్ ప్రసంగాలను 1950ల నుంచి 1980ల వరకు కొలిచి, రాణి అచ్చులు కూడా దక్షిణ ఇంగ్లాండు సామాన్య ఉచ్చారణ వైపు జరిగాయని 2000లో ప్రకటించారు. థేమ్స్ నది ముఖద్వార ప్రాంతంలో పుట్టిన మధ్యస్థ ఉచ్చారణకు డేవిడ్ రోజ్‌వార్న్ 1984లో ‘ఎశ్చురీ ఇంగ్లీష్’ అనే పేరు పెట్టారు. అయినా పక్షపాతం అంత త్వరగా పోదు. ఇటీవల లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు జరిపిన అధ్యయనంలో జైల్స్ నాటి వరుస చాలావరకు అలాగే కనిపించింది. ఆశ కలిగించే విషయం కూడా అందులోనే ఉంది: న్యాయవాద సంస్థలలో నియామకాలు చేసే నిపుణులకు అభ్యర్థుల జవాబులను వేర్వేరు యాసలలో వినిపించినప్పుడు, వారు యాసను కాక జవాబు నాణ్యతను గుర్తించగలిగారు.

పెన్నాతీరం

అందరికీ ధన్యవాదాలు. పాఠం తయారు చేసుకునేందుకు ఒక చిన్న సందేహం మిగిలింది. పట్టికను పూర్తిగా తొలగించే అధికారం నాకు లేదు. దానిని చెబుతూనే, ‘బాత్’ను హ్రస్వంగా పలకడం తప్పు కాదని విద్యార్థికి అధికారికంగా చూపడానికి ఏ నిఘంటువైనా ఉందా?

పాత_నిఘంటువు

ఉంది. జోన్స్ నిఘంటువు 1997లో 15వ ముద్రణగా వచ్చినప్పుడు సంపాదకులలో ఒకరైన పీటర్ రోచ్ పాత పేరును వదిలి ‘బీబీసీ ఉచ్చారణ’ అనే పేరును స్వీకరించారు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీకు కావలసిన ఆధారం మాత్రం 2001లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన ఉచ్చారణ నిఘంటువు. దాని సంపాదకులలో ఒకరైన క్లైవ్ అప్టన్, శారద గారి ఊరి విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. ‘బాత్’ వంటి మాటల వద్ద బ్రిటిష్ ఉచ్చారణ క్రింద హ్రస్వాన్నీ, దీర్ఘాన్నీ రెండింటినీ ఇచ్చారు. తరగతిలో ఆ పుటను, దాని ప్రక్కనే వాకర్ 1791 పుటను చూపించండి; వాకర్ నిఘంటువు పాత ముద్రణలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి.